మూడో ఫొటో

జనవరి 9

ఏరా బామ్మర్దీ,

నీ ప్యాకెట్టు అందింది. ఎనిమిది ఫొటోలు. ఎనిమిదీ ఏడ్చినట్టున్నాయి.

ముందు ఈ టైపు కొట్టడం సంగతి చెప్పేస్తాను, లేకపోతే దెప్పుతావు. నా చేతిరాత ఈ మధ్య నాకే అర్థం కావట్లేదు. స్టూడియోవాళ్ళు తూకానికి వేసెయ్యబోయిన పాత టైపు మిషన్ ఒకటి రిటైరైన రోజున తెచ్చుకున్నాగా, దాని దుమ్ము దులిపాను. నలభై ఏళ్ళు డార్క్‌రూమ్‌లో పనిచేసినవాణ్ణి, నా వేళ్ళకి అక్షరాలు వాటంతటవే దొరుకుతాయి. నువ్వు మాత్రం మామూలుగానే రాయి. నీ కోడిగీతలు చదవడం అలవాటైపోయింది మా ఇంట్లో.

ఇక నీ కళాఖండాలు. నది ఒడ్డున తీసినదాని మీద స్కేలు పెట్టి చూశాను. నీళ్ళ గీత ఎడమ నుంచి కుడికి మూడు మిల్లీమీటర్లు దిగింది. నది వాలదు నాయనా, వాలింది నీ భుజం. మార్కెట్టు వీధిది ఇంకా ఘోరం. నలుగురు మనుషులు, నలుగురూ సగం సగం. తలున్నవాడికి కాళ్ళు లేవు, కాళ్ళున్నవాడికి తల లేదు. డాబా మీంచి తీసింది మీటరు రీడింగుకి వెళ్ళిన ఇంట్లోనే కదూ? కింద ఇంటావిడ బిల్లు ఎక్కువొచ్చిందని అరుస్తుంటే ఒక్క పరుగున పైకెక్కి, నొక్కేసి దిగిపోయావు. ఆ తొందరంతా ఫొటోలో ఉంది. నీకు ఆగడం రాదురా. పుట్టడమే ఏడో నెలలో పుట్టావని మీ అక్క అంటుంది.

సంతకం అడిగావు. పెట్టను. కొత్తవాడి ఫొటోలు మన ఫొటో క్లబ్బు ప్రదర్శనలో గోడ ఎక్కాలంటే పాత జడ్జి ఒకడు సంతకం పెట్టాలని రూలు రాసింది నేనే. బామ్మర్దివని పెట్టేశాననుకో, మన సెక్రటరీ గొడుగాయన ఉన్నాడే, ఆ ఎండలోనూ వానలోనూ ఒకే గొడుగు మోసే మనిషి, నా మొహం మీదే నవ్వుతాడు. మూడేళ్ళలో గోడ ఎక్కనివాడి పేరు కొట్టేస్తారని, నీకిది మూడో ఏడని నాకు తెలుసు. ఏప్రిల్ రెండో ఆదివారం దాకా టైముంది. తియ్యి. ఫోన్‌లో పంపకు, కాయితం మీద పంపు. చేతికి తగలనిది ఫొటో కాదు.

మీ అక్క బాగానే ఉంది. నీ కవరు మీద టీ గ్లాసు పెట్టింది. నేనేం అనలేదు.

నీ మంచి కోరే దుర్మార్గుడు,
బావ


జనవరి 20

బావా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు అన్నం సహించలేదు. మా ఆవిడ నీకో దణ్ణం పెట్టమంది, బియ్యం కలిసొచ్చాయని.

నీకేం, కుర్చీలో కూర్చుని స్కేలు పెడతావు. నేను రోజుకి నూట యాభై ఇళ్ళు తిరుగుతాను. మెట్ల కింద, బాత్రూముల పక్కన, సాలెగూళ్ళ మధ్య ఉన్న మీటర్లన్నిటికీ వంగి వంగి నా నడుము కొక్కెంలా అయిపోయింది. మధ్యాహ్నం టిఫిను డబ్బా సంచిలోంచి కెమెరా తీసే ఆ అరగంటే నాది. ఆ అరగంటలో నేను ఎవరి తిట్లూ తినను. అవి నువ్వు ఉత్తరంలో పంపుతావు.

గోడ గురించి నీకు వేళాకోళంగా ఉంది గానీ, నాకు లేదు. నలభై ఆరేళ్ళొచ్చాయి. ఆఫీసులో నేనొక నంబరుని, వీధిలో 'మీటరాయన'ని. ఆ గోడ మీద పది రోజులు నా పేరు, పేరు కింద నా ఫొటో ఉంటే చాలు, ఇంకేం అక్కర్లేదు. ఈ ఏడు కొట్టేస్తే మళ్ళీ చేర్చుకోరు.

ఇంకో అయిదు పంపుతున్నా. పాత వంతెన ఫొటో జాగ్రత్తగా చూడు. దానికోసం నాలుగు ఆదివారాలు తెల్లారకుండా వెళ్ళాను. ఆగడం రాదన్నావుగా, ఆగాను.

ఈ కిందది అక్కకి చదివి వినిపించకు. నా కవర్లు ఆవిడకి అందకుండా పెట్టు బావా. నాన్న నాకు కెమెరా కొన్న కొత్తలో ఏం చేసిందో తెలుసుగా. లోపల బొమ్మలు ఎలా ఉన్నాయో చూద్దామని వెనక మూత తీసింది, పద్నాలుగేళ్ళ గాడిద! ముప్పై ఆరు ఫొటోలు గంగపాలు. మళ్ళీ దాన్ని ముట్టుకోనివ్వలేదు నాన్న. మంచిపని చేశాడు. ఫొటోల గురించి అక్కకి తెలిసిందల్లా వాటి మీద గ్లాసు పెట్టొచ్చని.

సంతకం కోసం మొహం వాచిపోయిన,
నీ బామ్మర్ది


ఫిబ్రవరి 3

బామ్మర్దీ,

అయిదూ అందాయి. నాలుగింటి గురించి మాట్లాడుకోకపోతే నీకే మర్యాద.

వంతెన ఫొటో దగ్గరికొద్దాం. గీత సరిగ్గానే ఉంది, స్కేలు పెట్టాను. మంచు బాగానే పట్టావు. కానీ కుడి పక్కన నీళ్ళలో ఆ పడవేమిట్రా? నల్లగా, మొండిగా, కంటిని పట్టి లాగుతోంది. వంతెన చూడనివ్వట్లేదు. నాలుగు ఆదివారాలు ఆగినవాడివి, ఆ పడవ పక్కకి పోయేదాకా ఇంకో పది నిమిషాలు ఆగలేకపోయావా? అదే నీ జబ్బు. ఆఖరి పది నిమిషాలు నీ దగ్గర ఉండవు.

సంతకం లేదు. ఏడ్చినా లేదు.

మీ అక్క గురించి రాసిన ముక్క చదివాం. నోరు అదుపులో పెట్టుకో. ఆ రీలు పోయి ముప్పై నాలుగేళ్ళయింది, అందులో ఉన్నది కూడా నీ స్కూలు గోడేనట.

ఈ మిషన్‌కి ఏదో రోగమొచ్చింది, ఒక్కోసారి లైను మీద లైను పడుతోంది. సర్దుకుని చదువుకో.

బావ


ఫిబ్రవరి 12

బావగారికి,

తమరి ఉత్తరంలో మధ్య పేరా అంతా ఒక లైను మీద ఇంకో లైను కొట్టి ఉంది. దీపం ముందు పెట్టి కూడబలుక్కుని చదివాను. చదివాక అరికాలి మంట నెత్తికెక్కింది.

అది పడవ కాదండీ. పాత వంతెన స్తంభం. ఎప్పుడో వరదకి విరిగి అలాగే నిలబడిపోయిన మొండెం. ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. అది పక్కకి పోయేదాకా ఆగమంటారా? ఆగుతాను, నా మనవడికి చెప్పి పోతాను, వాడు కూడా ఆగుతాడు.

రాయిని పడవ అన్న మనిషి ఆ ఫొటో చూసుంటాడని నేను నమ్మను. తమరు కవరు కూడా విప్పట్లేదు. ఉన్న నాలుగు తిట్లనే తిప్పి తిప్పి కొడుతున్నారు. లేదా అక్కని చూడమని ఉంటారు. స్తంభాన్ని చూసి పడవ అనగలిగింది ఈ భూమ్మీద మా అక్క ఒక్కతే. రెండేళ్ళుగా నా బతుకంతా తెచ్చి మీ టేబుల్ మీద పోస్తుంటే, మీరు కునుకు తీస్తూ 'స్కేలు పెట్టాను, వంకర' అని కొట్టి పంపుతున్నారన్నమాట!

సరే. ఆఖరిసారి. దీంతో పాటు పన్నెండు పంపుతున్నా. నా మొత్తం పనితనం ఇంతే. ఎక్కడ తీశానో, ఏం తీశానో ఒక్క ముక్క రాయను. మీరే చూసి చెప్పండి. చూస్తేనే సుమా.

తమ విధేయుడు


మార్చి 1

ఒరేయ్ బామ్మర్దీ,

కుర్చీలో కూర్చోలేక లేచి నిలబడి కొడుతున్నా ఈ ఉత్తరం. ఇన్నాళ్ళూ నన్ను ఏడిపించి, వీటిని ఎక్కడ దాచుకున్నావురా?

మొదటిది డాబా మీద బట్టల దండెం. ఈ చివర నుంచి ఆ చివరికి ఖాళీ, ఒక్క క్లిప్పు తప్ప. వెనకాల ఊరంతా మసగ్గా. ఇంకొకడైతే ఊరు తీసేవాడు. నువ్వు క్లిప్పు తీశావు. రెండోది ఆస్పత్రి వరండా, వరసగా కుర్చీలు, ఒక్క కుర్చీ మీదే ఎండ.

మూడోదాని గురించి ఏం చెప్పను. వాన వెలిసిన వీధి, సిమెంటు బెంచీ. బెంచీ అంతా తడిసి నల్లబడింది, మధ్యలో ఒక మనిషి కూర్చున్నంత మేర మాత్రం పొడిగా తెల్లగా ఉంది. వానంతా తడుస్తూ కూర్చున్నవాడు ఇప్పుడే లేచి వెళ్ళిపోయాడు. మనిషి లేడు, మనిషి బరువుంది. నలభై ఏళ్ళలో నా చేతుల మీదుగా లక్ష ఫొటోలు పోయుంటాయి, ఇలాంటిది ఒక్కటి కడగలేదు నేను. మీ అక్కని నాలుగుసార్లు అడిగాను దీని గురించి. బాగుంది అంటుంది, అంతే. గొంతు బొంగురుపోయింది పాపం, జలుబు చేసినట్టుంది.

ఏడోదాంట్లో నది. ఈసారి పడవా లేదు, స్తంభమూ లేదు, కోపం తెచ్చుకోకు. పన్నెండూ ఒక కిటికీలోంచో గుమ్మంలోంచో చూసినట్టున్నాయి. బయటికి వెళ్ళడానికి తీరిక లేని మనిషి, పని చేసుకుంటూ చేసుకుంటూ తలెత్తి చూసినట్టు. నువ్విలా చూడగలవని నేను అనుకోలేదు. నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నా. స్తంభం విషయంలోనూ తప్పు నాదే.

సంతకం పెట్టాను. సిఫార్సు కాయితం క్లబ్బుకి వేరే పంపుతున్నా. నీ పన్నెండూ మీ అక్క జాగ్రత్తగా కట్టి ఇందులోనే పెట్టింది. మంచి ఫ్రేములు కట్టించు. ఈ ఉత్తరం ఎవరికైనా చూపించుకో, నాకేం సిగ్గు లేదు.

నిన్ను చూసి గర్వపడుతున్న
బావ


ఏప్రిల్ 14

బావగారూ,

చూపించుకోమన్నారుగా, చూపించాను.

నిన్న ప్రదర్శన మొదలైంది. మీ సంతకం ఉంది కాబట్టి మన గొడుగాయన మారు మాట్లాడకుండా గోడ చివర నాకు చోటిచ్చాడు. మీరు పంపిన కట్ట నేను విప్పను కూడా లేదు, అలాగే ఫ్రేము షాపులో పడేశాను. చూడ్డానికేముంది గనక? పన్నెండూ తెల్ల కాయితాలే! ల్యాబులో కొన్న ఖాళీ ఫొటో కాయితాలు. ఒక్క గీత, ఒక్క చుక్క లేదు వాటి మీద. మీరు చూస్తున్నారో లేదో తెలుసుకుందామని పంపాను. తెలిసింది.

పన్నెండు తెల్ల ఫ్రేములూ వరసగా పెట్టి, పక్కన మీ ఉత్తరాన్ని పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి తగిలించాను. ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒకడు గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. 'మనిషి లేడు, మనిషి బరువుంది' అన్న చోటికి వచ్చేసరికి హాలు హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. బెంచీ ఎక్కడ, బెంచీ ఎక్కడ అని మూడో ఫ్రేము దగ్గర ఒకటే తోపులాట. నేను జేబులోంచి స్టీలు స్కేలు తీసి ఆ తెల్ల కాయితం మీద పెట్టి, 'గీత సరిగ్గానే ఉందండీ' అన్నాను. గొడుగాయన కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు.

నవ్వులయ్యాక కమిటీ కూర్చుంది. జడ్జిల పలక మీద మొదటి పేరు మీదే కదా, దాని మీద సాయంత్రమే తెల్ల కాయితం అంటించారు. నా కాయితాల్లో ఒకటి మిగిలితే నేనే ఇచ్చాను.

నా పేరు కొట్టెయ్యలేదు. ఇన్నేళ్ళలో ఇంత జనం చూసిన గోడ లేదట.

ఇకమీదట నా ఫొటోలు చూడక్కర్లేదు. అలవాటైన పనే కదా.

మీటరాయన


ఏప్రిల్ 19

బామ్మర్దీ,

గొడుగాయన ఫోన్ చేసి అంతా చెప్పాడు. నువ్వేమైనా రాశావేమో నాకు తెలియదు, రాసి ఉంటే నాదాకా రాలేదు.

ఒక్కటే అడుగుతా. మూడోది కూడా తెల్లదేనా? మీ అక్కని అడగలేను. అవునో కాదో రాయి, చాలు. ఇది నేనే వెళ్ళి పోస్టు డబ్బాలో వేస్తున్నా.

బావ


ఏప్రిల్ 24

బావగారూ,

మూడోదీ తెల్లదే. మొదటిదీ తెల్లదే, పన్నెండోదీ తెల్లదే. అప్పుడు చేతిలో పెట్టుకుని కూడా ఇంకా నన్ను అడుగుతున్నారంటే, అసలు మీకు కళ్ళున్నాయా, లేవా?


మే 4

తమ్ముడికి,

లేవు.

రెండేళ్ళ కిందట ఒకటి పోయింది. పోయిన వానాకాలంలో రెండోది. కంటి నరం ఎండిపోయిందన్నాడు డాక్టరు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. చూపు లేని జడ్జికి ఎవడు ఫొటోలు పంపుతాడే అన్నారు. ఫొటోలు రాకపోతే ఆ మనిషి పొద్దున్న లేవరు. అందుకని ఫొటో నేను చూసి చెప్పేదాన్ని, ఆయన విని టైపు కొట్టేవారు. స్కేలు పెట్టింది నేను. సగం సగం మనుషుల్ని పట్టింది నేను. స్తంభాన్ని పడవ అన్నదీ నేనే, నువ్వు కనిపెట్టినట్టే.

నీ ఉత్తరాలన్నీ నేనే పైకి చదివాను. అక్కకి చదివి వినిపించకు అన్నది కూడా. పద్నాలుగేళ్ళ గాడిద అన్నది కూడా. గొంతు మారకుండా చదవడం నాకు బాగా వచ్చింది.

నేనేం నిజం తప్పనిదాన్ని కాను. నీ ఫొటోల్లో తప్పులే చెప్పేదాన్ని, బాగున్నవి మింగేసేదాన్ని. ఆ వంతెన ఫొటో చాలా బాగుంది. బాగుందని ఆయనకి చెప్పలేదు. కెమెరా నీకు కొన్నారు, నా చేతి మీద ఒక్కటిచ్చి పొయ్యి దగ్గరికి పంపారు. అది నా కడుపులో ఇంకా ఉందని నీ ఫొటోలు చూశాకే నాకు తెలిసింది.

ఆ పన్నెండు కాయితాలు వచ్చిన రోజు, ల్యాబువాళ్ళు కవరు మార్చేశారేమో అనుకున్నా. తర్వాత నీ ఉత్తరం చివర 'చూస్తేనే సుమా' అన్నది చదివాక అర్థమైంది. తెల్లవని చెప్తే, తనని పరీక్షిస్తున్నావని ఆయనకి క్షణంలో తెలిసిపోతుంది, ఆ అవమానానికి ఇక ఏ ఫొటో ముట్టుకోరు. ఎదురుగా కూర్చుని 'ఊఁ, మొదటిది చెప్పు' అన్నారు. చెప్పాను. నా చేతిలో కెమెరా ఉంటే ఏవి తీసేదాన్నో అవి చెప్పాను. మా దండెం, మేము కూర్చున్న ఆస్పత్రి వరండా. మూడోది మా కిటికీ కింద బెంచీ. రెండో కన్ను కూడా పోయిందని చెప్పిన రోజు, ఆయన ఇంట్లోకి రాకుండా ఆ బెంచీ మీద వానలో కూర్చున్నారు. నేను పైనుంచి చూస్తూనే ఉన్నా. లేచి వచ్చాక చూస్తే అక్కడ పొడిగా ఉంది. ఆ మనిషి తనేనని ఆయనకి ఈ రోజుకీ తెలియదు.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన నన్ను అంత మెచ్చుకోలేదురా. నీ పేరు మీద మెచ్చుకున్నారు, అయినా ఫరవాలేదనుకున్నా.

ఆ కట్టలో పదకొండో కాయితానికీ పన్నెండోదానికీ మధ్య ఒక చీటీ పెట్టాను. 'తమ్ముడూ, ఆయనకి చూపు లేదు, ఈ ఒక్కసారికి కడుపులో పెట్టుకో' అని రాశాను. నువ్వు విప్పను కూడా లేదని గర్వంగా రాశావు. ఆ ఉత్తరం నేను దాచేశాను. కానీ గొడుగాయన ఫోన్‌ని దాచలేకపోయాను. నాతో ఒక్క ముక్క అనకుండా, టైపు కొట్టి, కర్ర కూడా లేకుండా పోస్టు డబ్బా వెతుక్కుంటూ వెళ్ళారు. మోకాళ్ళు రెండూ దోక్కుపోయి వచ్చారు. నీ జవాబు పోస్టుమాన్ నేరుగా ఆయన చేతిలోనే పెట్టాడు. విప్పి నాకిచ్చి, 'ఒక్క అక్షరం మార్చకుండా చదువు' అన్నారు. చదివాను. కళ్ళున్నాయా లేవా అన్నది కూడా.

ఇప్పుడు నేనేం చెప్పినా నమ్మరు. తెల్లారిందంటే కిటికీ దగ్గరికి వెళ్ళి మొహానికి ఎండ తగిలాక గానీ మంచం దుప్పటి మడవరు. పాలు పోశానంటే గ్లాసులో వేలు పెట్టి చూసుకుంటారు. తలుపు వేశానంటే లేచి వెళ్ళి గడియ తడుముతారు. ఆయన పలక మీద పేరు పోయిందని నాకు బాధ లేదు. ఆయనకి మిగిలిన కళ్ళు నేను. వాటిని పొడిచేశావు.

టైపు మిషన్ తూకానికి వేసేశారు.

అక్క


జూన్ 16

అక్కా,

నలభై రోజుల నుంచి రాసి చింపుతున్నా. ఏం మొహం పెట్టుకుని రాయను? నేను పశువుని. పన్నెండో ఫ్రేము వెనక అట్ట విప్పితే నీ చీటీ దొరికింది. ఫ్రేములన్నీ విరగ్గొట్టేశాను. కమిటీలో లేచి నిలబడి జరిగింది చెప్పాను, ఆ పలక మీద అంటించిన కాయితం నా గోళ్ళతో నేనే గీకాను. నా పేరు కొట్టెయ్యమని రాసిచ్చాను. కొట్టేశారు.

దీంతో ఒకే ఒక్క ఫొటో పెడుతున్నా. నువ్వు చెప్పిన మూడోది. మా ఆఫీసు వెనక అలాంటి బెంచీయే ఉంది. మొదటి వాన కోసం కాసుకుని కూర్చున్నా. ముప్పావుగంట ఆ బెంచీ మీద తడిశాను, వాన ఆగగానే లేచి, పొడిచోటు ఆరిపోయే లోపల తీశాను. నాలుగు వానలకి ఒకటి కుదిరింది. జ్వరం తగిలింది, అది నాకు తగినదే.

సంతకం వద్దు, గోడ వద్దు. ఒక్కసారి బావ చేతిలో పెట్టి, అందులో ఏముందో ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఈసారి నిజంగా ఉందక్కా. ఆయన తిట్టినా చాలు.

నీ కాళ్ళు పట్టుకుంటున్న
తమ్ముడు


జూన్ 28

తమ్ముడికి,

ఫొటో అందింది. స్కేలు పెట్టి చూశాను, గీత ఎక్కడా వాలలేదు. బెంచీ మీద పొడిచోటు సరిగ్గా నేను చూసినట్టే వచ్చింది. నువ్వు తీసినవాటిలో ఇంత మంచిది లేదు. ఇది నీకు నేను చెప్తున్నా, ఆయన కాదు.

నీ ఉత్తరం చదవలేదు ఆయనకి. ఫొటో మాత్రం, అడిగావు కాబట్టి, చేతిలో పెట్టాను. అంచులన్నీ వేళ్ళతో తడిమారు. మధ్యలో అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచారు.

"ఏముంది ఇందులో?" అన్నారు.

"ఏం లేదు, తెల్ల కాయితం" అన్నాను.

తలూపి నాకిచ్చేశారు. ఇంకో మాట అడగలేదు, మళ్ళీ తడిమి చూసుకోలేదు. ఏప్రిల్ తర్వాత నేను చెప్పినదాన్ని ఆయన నమ్మడం ఇదే మొదటిసారి.

అక్క